మూడో గీత

కంపౌండరు సామ్యూల్ ప్లాస్టరు పట్టీని సన్నగా మూడు ముక్కలు కత్తిరించి, వెడల్పు మూతి ఉన్న గాజు సీసాకు కింద ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి అంటించాడు. అంటించిన చోట బొటనవేలితో గట్టిగా ఒత్తి, సీసాను సమ్మవ్వ చేతుల్లో పెట్టాడు.

“అక్కా, ఇయ్యాల పొద్దుగాల నుంచి రేపు పొద్దుగాల దాక బావ పోసే ఒంటేలంత గీ సీసల్నే పట్టాలె. ఒక్క చుక్క గుడ బయటికి పోవద్దు. మూడో గీత దాటిందా, సూది ఏస్తరు. దాటలేదా, ఆ దినం సూది లేదు.”

“గంతేనా తమ్మీ? కొలుసుడు నాకు నేర్పుతవా,” అంది సమ్మవ్వ.

గొప్పకు అన్న మాట కాదది. మందమర్రికి ఇవతల కొత్తగా తీసిన ఆ గని చుట్టూ రెండు వందల క్వార్టర్లుంటే వాటిలో ఇరవై ఇళ్లకు పాలు పోసేది ఆమే. రెండు బర్రెలు, ఒక ఇత్తడి గిలాస, ఎండైనా వానైనా ఆగని కాళ్లు. గిలాస నిండా పోశాక నురగను ఊది పక్కకు నెట్టి, తగ్గినంత మళ్లీ పోసే పాలమనిషిని ఇంకొకతెను చూపించమని కాలనీ ఆడవాళ్లు పందెం కాసేవారు. వేరేవాళ్లు పోసిన పాలైతే గిన్నె వంచి ఒక్కసారి చూసి, అందులో నీళ్లు ఏపాటి కలిశాయో గుమ్మంలోనే చెప్పేసేది. అలాంటి మనిషికి ఒక సీసా, మూడు గీతలు ఒక లెక్కా.

గని దవాఖానలో పది మంచాలు. కిటికీ పక్క మంచం మీద ఆమె పెనిమిటి కొమురెల్లి కూర్చుని ఉన్నాడు. పదిహేను రోజులుగా అతను కూర్చునే ఉన్నాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు, పక్కకు ఒరిగినా అందదు. కాళ్లు మోకాళ్ల దాకా ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. వీపు వెనక దిండ్లు పెట్టి చూశారు గానీ అవి జారిపోయేవి. చివరికి సమ్మవ్వే మంచమెక్కి, అతని వీపుకు తన వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ వీపు జారలేదు. దానికి ఒరిగి అతను అరగంటో గంటో కళ్లు మూసేవాడు. ఆమె మాత్రం కన్ను మూస్తే ఒళ్లు సడలుతుంది, ఒళ్లు సడలితే అతను పడిపోతాడు. అందుకని ఆ పదిహేను రోజులూ ఆమెకూ నిద్ర లేదు.

డాక్టరు గుంటూరు వైపు నుంచి వచ్చిన కుర్రవాడు. రాష్ట్రాలు కలిసి ఐదేళ్లయినా ఆయన మాట ఇక్కడివాళ్లకు, ఇక్కడివాళ్ల మాట ఆయనకు కాస్త ఆలస్యంగానే అందేది. అయినా ఆ రోజు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, రోగికి అర్థమయ్యేదాకా చెప్పాలన్న పట్టుదలతో చెప్పాడు.

“నువ్వు పంపు ఖలాసివి కదా కొమురెల్లీ. నీకు చెబితే తెలుస్తుంది. గుండె అంటే పంపు. మూత్రపిండాలు జల్లెడ. పంపు సరిగా తోయకపోతే జల్లెడకి పని లేదు. జల్లెడ మూసుకుపోతే నీళ్లు వెనక్కి ఎక్కి పంపునే ముంచేస్తాయి. నీకు రెండూ చెడ్డాయి. ఈ సూది వేస్తే నీళ్లు దిగి ఊపిరి ఆడుతుంది. కానీ ఈ మందులో పాదరసం ఉంది. జల్లెడ పనిచేస్తున్నంత వరకే ఇది మందు. పని ఆగిపోయాక వేస్తే ఆ జల్లెడనే తినేస్తుంది. అందుకే ఈ గీతలు. రోజుకి మూడు గ్లాసుల నీళ్లు, అంతకు మించి చుక్క తాగకూడదు. ఉప్పు అసలే వద్దు.”

“సమజైంది సారు,” అన్నాడు కొమురెల్లి.

నిజంగానే అర్థమైంది. భూమి కింద మూడు వందల అడుగుల లోతున, ఊట నీళ్లన్నీ చేరే గుంత పక్కన, పంపు మోత వింటూ ఇక్కడా, అంతకుముందు పాత గనుల్లోనూ ఇరవై ఏళ్లు గడిపినవాడతను. గొట్టం మూతికి ఉన్న జల్లెడలో బొగ్గు బురద పట్టిందంటే చెవితోనే పసిగట్టేవాడు. గుంతలో నీళ్లు ఎన్ని అడుగులున్నాయో గంటకోసారి పలక మీద సుద్దతో రాయడం అతని పని. పెండ్లయిన కొత్తలో పెళ్లాం ముందు ఆ పలక గురించే గొప్పలు పోయేవాడు. “గా పలక మీద ఒక్క అడుగు అబద్ధం రాసిననుకో, కింద బొగ్గు కొట్టేటోళ్లందరు మునుగుతరు,” అనేవాడు. ఇరవై ఏళ్లలో ఒక్క అడుగు కూడా అబద్ధం రాయలేదు.

మొదటి సీసా మంగళవారం పొద్దున మూడో గీత మీదికి వేలెడు ఎక్కింది. రంగు మాత్రం బాగా మరిగిన చాయ్ డికాషన్‌లా ఉంది. సామ్యూల్ అందులోంచి కొంచెం గాజు గొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద వేడి చేశాడు. పైన తెల్లగా గుడ్డుసొనలాగా గడ్డ కట్టింది.

“గిది పోవద్దక్కా. ఒంట్ల ఉండవలసిన బలం గిది,” అన్నాడు. “అయితె గీత దాటింది. సూది ఏస్త.”

సూది వేసిన గంటకు కొమురెల్లికి ఒంటేలు మొదలైంది. మధ్యాహ్నంలోగా నాలుగుసార్లు. సమ్మవ్వ ప్రతిసారీ సీసా తెచ్చి పట్టి, అయ్యాక తడి గుడ్డతో తుడిచి, మంచం కింద గోడవారన పెట్టింది. మూడో ఝాముకు అతను గోడకు ఆనుకుని, సాయం లేకుండా, నోరు మూసుకుని ఊపిరి తీశాడు. పదిహేను రోజుల్లో అతని నోరు మూసుకుని ఉండగా చూడడం ఆమెకు అదే మొదటిసారి.

“అల్కగున్నది. నువ్వు జర నడుం వాల్చు,” అన్నాడు.

ఆమె కింద చాప పరుచుకుంది. తల కింద చెయ్యి పెట్టుకోవడం వరకే గుర్తుంది. లేచేసరికి పొద్దు గూకుతోంది. పక్క మంచం మీద కాలికి పిండికట్టుతో పడుకున్న మొండయ్య నవ్వుతున్నాడు. ఆయన గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పనివాడు, కొమురెల్లి కంటే పెద్దవాడు.

“ఏం గురక బిడ్డా. మల్ల గనిల పంపు నడుస్తుందనుకున్న,” అన్నాడు.

కొమురెల్లి కూడా నవ్వాడు. నవ్వుతూ ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. సమ్మవ్వ సిగ్గుపడి కొంగు సర్దుకుని, బర్రెలు పితికే వేళయిందని ఇంటికి పరుగెత్తింది.

బుధవారం సీసా బాగా నిండింది. మళ్లీ సూది, మళ్లీ మధ్యాహ్నం చాప మీద నిద్ర. గురువారం పొద్దున సీసా వెలుతురుకు పట్టి చూస్తే నీళ్లు రెండో గీత దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. సమ్మవ్వ సీసాను కాస్త వంచి చూసింది, నేల మీద చదునుగా పెట్టి చూసింది. ఎలా చూసినా రెండో గీతే.

“ఇయ్యాల సూది లేదక్కా,” అన్నాడు సామ్యూల్.

“జరంత తక్కువైతె ఏమైతది తమ్మీ.”

“జరంత కాదు. సగం తక్కువ.”

ఆ గురువారం ఎలా గడిచిందో ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. ఎండ రేకుల మీద కణకణ కాసింది. కొమురెల్లి ఊపిరి పక్క గది దాకా వినిపించింది. ఛాతీలో నీళ్లు చేరి గరగరమనేవి. సమ్మవ్వ ఇంటికి పోలేదు. పాలు పితికి పొయ్యమని పొరుగింటి బుచ్చవ్వకు కబురు పంపి, పొద్దంతా అతని వీపుకు వీపు ఆనించి కూర్చుంది. అతను ఒక్కో ఊపిరి లాగుతుంటే ఆమె ఒళ్లంతా కదిలేది. సాయంత్రానికి ఆమె కళ్లు ఎర్రబడి, రెప్పలు తమంతట తామే వాలుతుంటే తొడను గిల్లుకుంటూ కూర్చుంది. మంచానికి పక్కవాటుగా ఉన్న గోడ మీద చెయ్యి కడుక్కునే చోట ఒక పగిలిన అద్దం ఉంది. అందులో పెళ్లాం తొడ గిల్లుకోవడం కొమురెల్లికి కనిపించింది. అద్దంలో తననే చూస్తున్నాడని ఆమెకు తెలియదు.

శుక్రవారం పొద్దున ఆమె ఇంటికి పోయి బియ్యం కడిగి, ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని సొరకాయ వండింది. అతనికి ఉప్పు లేనప్పుడు నాకెందుకని తనూ అదే తినేది. తినేటప్పుడు గొంతు దిగక నీళ్లతో మింగేది, నీళ్లు మింగినప్పుడల్లా అతని మూడు గిలాసలు గుర్తొచ్చి సగంలోనే ఆపేసేది. దవాఖాన నుంచి పోయే ముందే అతని పొద్దుటి గిలాస నింపి మంచం పక్కన పెట్టి పోయింది.

“నా ముంగటనే తాగరాదా,” అంది.

“ఒక్క గుటకల తాగితె అయిపోతది. జరంత జరంత తాగుత. నువ్వు పో,” అన్నాడు కొమురెల్లి.

అదీ నిజమేనని ఆమెకు తోచింది. తిరిగి వచ్చేసరికి గిలాస ఖాళీగా ఉంది. సీసాలో నీళ్లు మూడో గీత దాటి ఉన్నాయి.

సమ్మవ్వ సంతోషం ఆ రోజు పట్టలేనిది. సీసా ఎత్తి మొండయ్యకు చూపించింది. “చూసినవా కాకా, ఎట్ల తేటబడ్డదో,” అంది. మొండయ్య గోడ వైపు తిరిగాడు. కాలు నొప్పి కాబోలు అనుకుంది. సామ్యూల్ గాజు గొట్టం వేడి చేస్తే తెల్ల గడ్డ పలచగా, ఉందా లేదా అన్నట్టుంది. “దేవుని దయ,” అన్నాడు. సూది వేశాడు. ఇంటింటికీ తిరిగి పాలు కొలిచే ఆ మనిషి కళ్లు, గిన్నె వంచి నీళ్లు పసిగట్టే ఆ కళ్లు, ఆ తేటదనాన్ని చూసి మురిసిపోయాయి. ఆశ పడ్డ కంటికి ఏది చూపిస్తే అది కనిపిస్తుంది. ఆమెను తప్పుపట్టి లాభం లేదు.

శనివారం అంతే, ఆదివారం అంతే. రోజూ సూది పడింది. రోజూ మధ్యాహ్నం కొమురెల్లి “అల్కగున్నది, పండుకో” అనేవాడు. రోజూ ఆమె చాప మీద రాయిలా నిద్రపోయేది.

ఆదివారం ప్రార్థన ముగించుకుని తెల్ల అంగీతోనే వచ్చిన సామ్యూల్, డాక్టరు చెప్పగా కొమురెల్లిని పట్టుకుని వరండాలో తూకం యంత్రం మీద నిలబెట్టాడు. డాక్టరు గురువారం నాటి బరువు రాత చూశాడు, యంత్రం చూశాడు. ఇనుప బిళ్లను ఇటు జరిపాడు, అటు జరిపాడు. తూకం ముల్లు పుట్టెడు నీళ్లు పోయిన మనిషి బరువు చూపించలేదు. గురువారం ఎంతో ఆదివారం అంతే.

“సమ్మవ్వా, ఇటు రా,” అన్నాడు డాక్టరు. ఆయన గొంతులో కోపం ఉంది. “రోజూ సీసా నిండుతోంది. నువ్విచ్చేది మూడు గ్లాసులు. ఈ లెక్కన ఈపాటికి ఆరేడు పౌన్లు తగ్గాలి. అరపౌను తగ్గలేదు. కాళ్లు చూడు, ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే ఏమిటి? దొంగచాటుగా నీళ్లు తాగుతున్నాడు. నువ్వు కొలిచి ఏం లాభం? ఇవాళ్టి నుంచి రెండు గ్లాసులే.”

సమ్మవ్వకు తల కొట్టేసినట్టయింది. తన కొలత మీద ఇంతవరకు ఒక్క మాట పడనివ్వలేదు. గదిలోకి వచ్చి, మంచం మీద ఆయాసపడుతున్న మొగుడి ముందు నిలబడి, పదిమంది వింటుండగా అనేసింది.

“నీళ్లు దొంగతనంగ తాగుతున్నవా? ఉప్పు లేని కూడు నేను తింటలేనా? ఒక్క నోరు కట్టుకోనికి శాతగాదా నీకు?”

కొమురెల్లి తల ఎత్తలేదు. పెదవులు చీలి, చీలిన చోట నెత్తురు ఎండి ఉంది.

“కాకా, నీ ముంతల నీళ్లు ఈనకిస్తున్నవా? నిజం చెప్పు.”

మొండయ్య లేచి మోచేతి మీద ఒరిగాడు. ఏదో చెప్పబోయాడు. కొమురెల్లి ఆయన వైపు ఒక్క చూపు చూశాడు. మొండయ్య మళ్లీ దిండు మీదికి వాలాడు.

“తప్పయింది,” అన్నాడు కొమురెల్లి. “ఇగ తాగ.”

ఆమె మొండయ్య ముంతను తీసుకుపోయి గదికి ఆ చివర పెట్టింది. పెదాలు అద్దుకోవడానికి కొమురెల్లి దిండు కింద పెట్టుకున్న తడిగుడ్డను కూడా తీసి బయట తీగ మీద ఆరేసింది. రెండు గిలాసలంటే రెండే. పాలు కొలిచినంత కచ్చితంగా కొలిచింది. ఆ కచ్చితం తలచుకుని తర్వాత ఎన్నేళ్లు ఏడ్చినా తీరలేదు.

సోమవారం సీసా మూడో గీతకు తగిలీ తగలనట్టు నిలిచింది. సామ్యూల్ కళ్లు చికిలించి, “దాటిందిలే,” అన్నాడు. శుక్రవారం నుంచి లెక్కిస్తే నాలుగో సూది పడింది. ఆ మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే కొమురెల్లి నాలుక పెదవుల మీద తిప్పుతున్నాడు. నాలుక ఎండి గరుకుగా ఉంది. తిట్టిన దగ్గర్నుంచి సమ్మవ్వ అతనితో సరిగా మాట్లాడలేదు. ఇంటికి పోయి డబ్బాలు వెతికి, పిడికెడు సోంపు నీళ్లలో నానేసింది. సోంపు నీళ్లయితే నోరు ఆరిపోదని అవ్వ చెప్పేది. పొద్దుగూకే వేళ గిలాస అంచుకు పోసి, ఒక్క చుక్క ఎక్కువ పోయకుండా పోసి, అతని చేతికిచ్చింది.

“సోంపు ఏసిన. దూప ఆగుతది,” అంది మెల్లగా.

అతను గిలాసను రెండు చేతులతో పట్టుకుని వాసన చూశాడు. చాలాసేపు అలాగే ముక్కు దగ్గర పట్టుకున్నాడు. “మస్తు వాసన,” అన్నాడు. “పెట్టిపో. జరంత జరంత తాగుత.”

మంగళవారం పొద్దున ఆమె వంగి మంచం కింది సీసా తీసింది. మూడో గీత మీదికి ఒక దారమంత ఎక్కింది. తృప్తిగా ఊపిరి పీల్చుకుని, రోజూ పట్టినట్టే కిటికీ వెలుతురుకు పట్టింది.

పైన రెండు సోంపు గింజలు తేలుతున్నాయి.

ఆమె ముందు సీసా బయట అంటుకున్నాయేమో అనుకుని వేలితో తుడిచింది. గింజలు కదల్లేదు. సీసాను మెల్లగా ఊపింది. అవి ఒకదాన్నొకటి తాకి విడిపోయాయి. పొట్ట ఉబ్బిన, పచ్చని సోంపు గింజలు. మూతి దగ్గర ముక్కు పెట్టింది. పాలలో నీళ్ల వాసన పట్టే ఆ ముక్కుకు ఒంటేలు వాసన కాక సోంపు నీళ్ల చలువ వాసన తగిలింది.

వరండాలో సామ్యూల్ సూది ఉడకబెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. గింజలు రెండూ తీసేస్తే ఎవరికీ తెలియదు. సీసా గీత దాటింది. సూది పడుతుంది. ఆ ఆలోచన వచ్చింది, రాలేదనడం అబద్ధం. సీసాను కొంగు చాటున పెట్టుకుని మంచం దగ్గరికి వచ్చి, అతనికి ఎదురుగా నేల మీద కూలబడింది.

“ఎప్పటి సంది?” అంది.

కొమురెల్లి సీసా చూశాడు, గింజలు చూశాడు. ముఖం తిప్పుకున్నాడు.

“ఎప్పటి సంది అంటున్న.”

“శుక్రవారం సంది,” అన్నాడు మొండయ్య పక్క మంచం నుంచి. ఇక ఆగలేకపోయాడు. “ఇచ్చిన నీళ్లన్నీ అండ్ల పోసిండు బిడ్డా. మాత్ర మింగనీకె ఒక్క గుటక. అంతే. నువ్వేమో దొంగ అంటివి. చెప్తనంటె నా మీద ఒట్టు పెట్టిండు.”

“నీళ్లు అండ్ల పొయ్యుడేంది? ఊపిరాడతందంటివి గద. సూది పడ్డంక అల్కగున్నదంటివి గద.”

“యాడి అల్క,” అన్నాడు మొండయ్య. “నువ్వు పండుకున్నంక గా కిటికి సువ్వలు వట్టుకొని నిలవడ్తడు. సప్పుడు రాకుంట దవడలు బిగవట్టుకొని తీస్తడు ఊపిరి. నువ్వు కదిలితె మల్ల వచ్చి కూసుంటడు.”

సమ్మవ్వ చాలా నెమ్మదిగా, బతిమాలినట్టు అడిగింది.

“పలక మీద అబద్ధం రాస్తె మనుషులు మునుగుతరని నువ్వే గద చెప్పినవ్.”

“మునిగేది నేనొక్కన్నే గద,” అన్నాడు కొమురెల్లి.

“ఒక్కనివా నువ్వు?”

అతను ఊపిరి కోసం ఆగాడు. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి ఖర్చుపెట్టి చెప్పాడు. “సూది పడ్డనాడు నువ్వు పండుకున్నవ్. సూది లేనినాడు తొడ గిల్లుకున్నవ్. అద్దంల చూసిన. నేనెట్లనన్న పోతనే సమ్మీ. జల్లెడ పోయింది, నాకెరుక. సారు చెప్పినప్పుడే ఎరుక. పోయే మనిషి కోసం నీ కండ్లెందుకు పోవాలె.”

ఆమె లేచింది. సీసాను కొంగులోంచి తీసి రెండు చేతులతో పట్టుకుంది. ఇన్నేళ్లలో ఎవరికీ తప్పు కొలత ఇవ్వలేదు. ఇప్పుడు సరైన కొలత చెబితే సూది పోతుంది, సూదితో పాటు ఉన్న ఒక్క ఆశా పోతుంది. వరండాలోకి పోయి, సీసాను డాక్టరు బల్ల మీద పెట్టి, గింజలు చూపించింది.

“దొంగతనం చేసిండు సారు. తాగి కాదు,” అంది. మిగతాది సామ్యూల్ గదిలోకి పోయి మొండయ్యను అడిగి వచ్చి చెప్పాడు.

డాక్టరు సీసాను తిప్పి గింజలు చూశాడు. “రెండు గ్లాసులే ఇమ్మన్నది నేనే,” అన్నాడు ఎవరితోనో అన్నట్టు. “నాలుగు సూదులు. ఆగిపోయిన జల్లెడ మీద నాలుగు సూదులు.” లేచి మంచం దగ్గరికి వచ్చి, కొమురెల్లి కనురెప్ప ఎత్తి చూశాడు, నాడి పట్టుకున్నాడు.

“సారు, మీ అంగీ పచ్చగున్నదేంది, పసుపు రాసినట్టు,” అన్నాడు కొమురెల్లి.

అంగీ తెల్లగానే ఉంది. డాక్టరు నాడి వదిలి సామ్యూల్ వైపు తిరిగాడు. గుండెకిచ్చే తెల్ల మాత్ర కూడా ఆపేయమన్నాడు. ఆ మాత్రను కూడా మూత్రపిండాలే బయటికి పంపాలని, పంపలేక అది ఒంట్లో పేరుకుందని, కళ్లకు పచ్చగా కనిపించడం దాని గుర్తేనని, ఇక గుండెకు మేలు చేసేది మూత్రపిండాలకు, వాటికి మేలు చేసేది గుండెకు పడదని సమ్మవ్వకు చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాడు.

“హైదరాబాద్ తీస్కపోతె?” అంది సమ్మవ్వ.

“దారిలోనే... వద్దమ్మా. కొత్త జల్లెడ వెయ్యడం అక్కడా లేదు.” మొదటిసారి ఆమెను అమ్మా అన్నాడు. “సీసా తీసెయ్. ఇక కొలవద్దు. అడిగినన్ని నీళ్లు ఇవ్వు.”

బుధవారమంతా ఎక్కిళ్లు, మగత. గురువారం మధ్యాహ్నానికి కొమురెల్లికి తెలివొచ్చింది. నీళ్లు అడిగాడు. సమ్మవ్వ కొత్త కుండ తెచ్చి పెట్టుకుంది. గిలాస నింపి నోటికి అందించింది. అతను కళ్లు మూసుకుని, గొంతు కదులుతుండగా, చివరి దాకా తాగాడు.

“ఎన్నోది?” అన్నాడు.

“మొదటిదే.”

ఇంకో గిలాస నింపింది. సగం తాగి, సగం అంగీ మీద కారింది.

“గిది?”

“మొదటిదేనయ్యా. ఇంక రెండున్నయి. తాగు.”

అతనికి నవ్వొచ్చింది. పాలమనిషి దొంగ లెక్క చెబుతోందని అతనికి తెలిసే ఉంటుంది. చెయ్యి చాపి ఆమె గాజుల మీద పెట్టాడు. తర్వాత ఊపిరి మళ్లీ పైకెగిసింది. ఆమె మంచమెక్కి, అతని వీపుకు తన వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుంది. ఎండ వరండా మెట్ల దాకా వచ్చింది. గనిలో రెండో పాళీ సైరను మోగింది. పంపు దగ్గర ఇప్పుడు ఎవరున్నారో.

“సమ్మీ,” అన్నాడు. “పండుకున్నవా?”

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయే మనిషిలాగా ఊపిరి నిండుగా తీసి, నిండుగా వదిలింది. ఏడుపు లోపల తన్నుకొస్తుంటే పళ్లు బిగబట్టి, ఆ ఊపిరి లయ తప్పకుండా తీసింది. కిటికీ చువ్వలు పట్టుకుని అతను ఇన్ని రోజులూ ఎలా తీశాడో ఇప్పుడు తెలిసింది. చివర్లో చిన్నగా గురక కూడా పెట్టింది.

వెనక నుంచి ‘ఊఁ’ అన్న చిన్న చప్పుడు వినిపించింది, పని సరిగా ముగించిన మనిషి అన్నట్టు. అతని ఒళ్లు సడలింది. వీపు కొద్దికొద్దిగా బరువెక్కింది. ఆమె వీపు జారలేదు.

ఎంతసేపయిందో, మందుల పళ్లెంతో సామ్యూల్ వచ్చి మంచం ముందు ఆగాడు. కొమురెల్లి ముఖం చూశాడు. పళ్లెం కింద పెట్టి, “అక్కా,” అంటూ చెయ్యి చాపాడు.

సమ్మవ్వ కళ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది.

“జర ఆగు తమ్మీ,” అంది గుసగుసగా. “నేను పండుకున్ననని నమ్మిండు.”